టీ పెట్టెలో కనపడని నీళ్ళు

చెక్క టీ పెట్టె కొన్నవాళ్ళ నోట రెండు ఫిర్యాదులు తరచూ వినిపిస్తాయి. మే నెలలో వేలితో తోస్తే జారిన మూత ఆగస్టు వచ్చేసరికి బిగుసుకుపోతుంది, చాకు మొన పెట్టి లేపాల్సి వస్తుంది. ఇక ఆ పెట్టెలో కొన్నాళ్ళున్న బ్యాగుతో టీ పెట్టుకుంటే, టీతోపాటు వార్నిషు కూడా తాగుతున్నట్టుంటుంది. మొదటిదానికి వడ్రంగిని తిడతాం, రెండోదానికి టీ కంపెనీని. రెండింటికీ మూలం మాత్రం ఒక్కటే. చెక్కా, టీ ఆకూ రెండూ ఒకప్పుడు ప్రాణమున్న మొక్కల భాగాలు. కోసినా, ఎండబెట్టినా, చుట్టూ ఉన్న గాలితో నీళ్ళు ఇచ్చిపుచ్చుకోవడం అవి మానవు. టీ బ్యాగుల కోసం పెట్టె చేద్దామనుకునేవాళ్ళు రంపం పట్టకముందే ఈ ఇచ్చిపుచ్చుకోవడం సంగతి తెలుసుకుంటే సగం పని అయినట్టే.

ఆకు ఎండింది, దాహం తీరలేదు

కోసిన తాజా టీ ఆకు బరువులో నాలుగింట మూడు వంతులు నీళ్ళే. ఫ్యాక్టరీలో వాడ్చి, నలిపి, పులియనిచ్చి, చివరికి వేడి గాలిలో ఆరబెట్టేసరికి అందులో సుమారు 3 శాతం తేమ మిగులుతుంది. ఇంత పొడిగా మారిన ఆకు లోపలంతా సన్నని ఖాళీలు. ఒకప్పుడు నీళ్ళున్న చోటల్లా ఇప్పుడు ఏమీ లేదు. అవకాశం దొరికితే గాలిలోని తేమను పీల్చుకుని ఆ ఖాళీలు నింపుకోవాలని చూస్తుంది. తేమ ఆరేడు శాతం దాటిందంటే రంగు, రుచి ఇచ్చే పదార్థాలు వేగంగా మారిపోవడం మొదలవుతుంది. టీ చప్పబడుతుంది. ఇంకా పెరిగితే బూజు.

బ్యాగులోని టీకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. బ్యాగుల్లో సాధారణంగా నింపేది చిన్న చిన్న రేణువులుగా ఉండే రకాలు. 1930ల్లో అస్సాంలో మొదలైన సీటీసీ యంత్రాలు ఆకును చిదిమి, చీల్చి, చుట్టేస్తాయి. రేణువు చిన్నదైనకొద్దీ అదే బరువు టీకి గాలి తగిలే ఉపరితలం పెరుగుతుంది. మరుగునీళ్ళలో రంగు గబగబా దిగడానికి కారణం ఇదే. పెట్టెలో ఉన్నప్పుడు తేమా వాసనలూ గబగబా ఎక్కడానికీ ఇదే కారణం. 1901లో అమెరికాలోని మిల్వాకీ నగరానికి చెందిన రోబర్టా లాసన్, మేరీ మెక్‌లారెన్ పేటెంటు కోసం దరఖాస్తు చేసిన టీ సంచి వలలా నేసిన గుడ్డది. ఇప్పటి బ్యాగు కాగితంలో అబాకా అనే అరటిజాతి మొక్క నార ఎక్కువగా కలుస్తుంది. గుడ్డ అయినా కాగితమైనా నీళ్ళు చొరబడేందుకు చేసినదే కాబట్టి గాలికి అడ్డు చెప్పదు.

వాసన సంగతి ఇంకా ఆసక్తికరం. చైనాలోని ఫూజియన్‌లో మల్లె టీ తయారుచేసేవాళ్ళు సాయంత్రం విచ్చబోయే మొగ్గలను ఆకుతో కలిపి రాత్రంతా ఉంచుతారు. పువ్వు విచ్చుకుంటూ వదిలిన పరిమళాన్ని ఆకు తనలోకి లాక్కుంటుంది. తెల్లారాక పువ్వులు ఏరేసి టీని మళ్ళీ ఆరబెడతారు. ఎందుకంటే పరిమళంతోపాటు పువ్వులోని తడిని కూడా అది పీల్చేసుకుంటుంది. అదే రాష్ట్రంలో పైన్ కట్టెల పొగ పట్టించి లాప్సాంగ్ సూచాంగ్ అనే టీ చేస్తారు. మల్లెల వాసనైనా, పొగ వాసనైనా, కొత్త పాలిష్ వాసనైనా ఆకుకు తేడా లేదు. మంచి వాసన అయితే వ్యాపారం, చెడ్డదయితే ఫిర్యాదు.

పాతవాళ్ళు లోపల లోహం ఎందుకు పరిచారు?

టీ కోసం చెక్క పెట్టెలు చేయడం కొత్తేమీ కాదు. చైనా నుంచి ఓడల్లో యూరప్‌కు వెళ్ళిన టీ చెక్క పెట్టెల్లోనే వెళ్ళింది. వాటి లోపల సీసపు రేకు పరిచేవారు. 1773 డిసెంబరులో బోస్టన్ రేవులో నిరసనకారులు నీళ్ళపాలు చేసిన టీ కూడా అలాంటి పెట్టెల్లోదే. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో సంపన్నుల ఇళ్ళలో తాళం వేసిన చిన్న టీ పెట్టెలుండేవి. పన్నుల వల్ల టీ అంత ఖరీదు మరి. 1784లో ఒక్క చట్టంతో ఆ పన్నును 119 శాతం నుంచి పన్నెండున్నరకు దించారంటే అప్పటిదాకా భారం ఎంతో ఊహించుకోవచ్చు. పైన మహాగని కలప, పొదుగుడు పని, లోపల మాత్రం పలుచటి లోహపు రేకు. జపాన్‌లో టీ నిల్వకు వాడే చాబాకో పెట్టెలు సుగి అనే దేవదారు వంటి కలపతో చేస్తారు. వాటి లోపలా రేకే. మన అస్సాం, డార్జిలింగ్, నీలగిరి తోటల నుంచి దశాబ్దాలపాటు ఎగుమతైన టీ ప్లైవుడ్ పెట్టెల్లో వెళ్ళింది. లోపల అల్యూమినియం రేకు, దాని మీద పలుచటి కాగితం. ఇప్పుడు ఆ పెట్టెలు పోయి రేకు అతికించిన కాగితపు బస్తాలొచ్చాయి.

దేశాలు వేరు, కాలాలు వేరు, కలప వేరు. కానీ టీని నెలల తరబడి కాపాడాల్సి వచ్చిన ప్రతివాళ్ళూ చెక్కకూ టీకీ మధ్య లోహాన్ని నిలబెట్టారు. చెక్క దెబ్బలను ఆపుతుంది, వెలుతురును ఆపుతుంది, పేర్చడానికి వీలిస్తుంది. తేమను మాత్రం ఆపదు. ఈ ఒక్క సంగతి ఇప్పటి బహుమతి పెట్టెలు చేసేవాళ్ళలో చాలామంది పట్టించుకోరు.

—————
పెట్టెలో నీళ్ళ లెక్క

30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 9 ఎత్తు ఉన్న పెట్టెను సెంటీమీటరు మందం చెక్కతో చేశామనుకుందాం. చెక్క బరువు ఇంచుమించు కిలో. లోపల పట్టే గాలి నాలుగు లీటర్ల కన్నా తక్కువ.

30 డిగ్రీల వేడిలో, గాలి ఇక పట్టలేనంత తేమతో నిండినా, ఆ నాలుగు లీటర్లలో ఉండే నీళ్ళు గ్రాములో ఎనిమిదో వంతు మాత్రమే. అదే పెట్టె చెక్కలో, బాగా ఎండిందని మనం కొన్న చెక్కలోనే, సుమారు నూరు గ్రాముల నీళ్ళుంటాయి.

80 బ్యాగులంటే రెండేసి గ్రాముల చొప్పున 160 గ్రాముల టీ. దాని తేమ 3 నుంచి 7 శాతానికి పెరగడానికి ఆరున్నర గ్రాముల నీళ్ళు చాలు. చెక్క తన తేమలో ఒక్క శాతం వదిలితే పది గ్రాములు వస్తాయి.

అంటే మూత తెరిచినప్పుడు లోపలికొచ్చే గాలి వల్ల కలిగే నష్టం స్వల్పం. అసలు చెరువు పెట్టె గోడల్లోనే ఉంది. బూట్ల డబ్బాలో దొరికే సిలికా జెల్ పొట్లం తెచ్చి లోపల పడేస్తే ఎందుకు పనిచేయదో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఐదు గ్రాముల పొట్లం గ్రామున్నర నీళ్ళకే నిండిపోతుంది.
—————

మూత ఎందుకు బిగుస్తుంది?

చెక్కను సన్నని గడ్డి గొట్టాల కట్టగా ఊహించుకోండి. చెట్టు నిలువునా నీళ్ళు మోసిన గొట్టాలివి. ఒక్కో గొట్టం గోడలో సెల్యులోజ్ పోగులు ఎక్కువగా గొట్టం పొడవు వెంటే సాగి ఉంటాయి. గాలిలోని నీటి ఆవిరి ఆ పోగుల మధ్యలోకి దూరి వాటిని పక్కలకు నెడుతుంది. పోగు పొడవు మారదు, పోగుకూ పోగుకూ మధ్య దూరం పెరుగుతుంది. అందుకే తేమ ఎక్కినప్పుడు కట్ట లావెక్కుతుంది గానీ పొడవెక్కదు. చెక్కా అంతే. పీచు పోయే దిశలో దాని పొడవు ఏడాది పొడవునా దాదాపు అంతే ఉంటుంది, అడ్డంగా మాత్రం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది.

అడ్డంలో కూడా రెండు రకాలు. దుంగను కోసినప్పుడు కనిపించే వలయాల వెంబడి ఎక్కువగా కదులుతుంది, కేంద్రం నుంచి బెరడు వైపు తక్కువగా. టేకులో మొదటిది రెండోదానికి ఇంచుమించు రెట్టింపు. వలయాలు పలక ముఖానికి సమాంతరంగా పడుకునేలా కోసిన టేకు పలక 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, దాని తేమ 8 నుంచి 14 శాతానికి మారినప్పుడు రెండు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. వలయాలు నిలువుగా నిలబడేలా కోసిన పలకైతే ఒక మిల్లీమీటరు, మహా అయితే ఇంకొంచెం. అదే పలక 30 సెంటీమీటర్ల పొడవులో వచ్చే మార్పు వెంట్రుక మందం కన్నా పెద్దగా ఉండదు. పలక కొనేటప్పుడు కొసను ఒకసారి తిప్పి వలయాలు ఎలా ఉన్నాయో చూడమని వడ్రంగులు చెప్పేది ఊరికే కాదు.

ఇక ఊరి సంగతి. హైదరాబాదులో ఎండాకాలం మధ్యాహ్నాలు గాలి తేమ 30 శాతం దరిదాపుల్లోకి పడిపోతుంది, వానాకాలంలో 80 దాకా ఎగబాకుతుంది. చెక్క ఈ మార్పును వెంటనే అందుకోదు, వారాల తరబడి వెనకగా నడుస్తుంది. అయినా ఏడాదిలో దాని తేమ ఆరేడు శాతం ఊగుతుంది. మేలో చేసి బిగుతుగా అమర్చిన మూత ఆగస్టులో ఇరుక్కోవడం ఖాయం. విశాఖలో కథ వేరు. అక్కడ గాలి ఏడాదంతా చెమ్మగానే ఉంటుంది కాబట్టి పెట్టె అంతగా కదలదు, మూతతో పేచీ రాదు. కానీ చెక్క ఎప్పుడూ ఎక్కువ నీళ్ళతోనే ఉంటుంది కనుక లోపలి టీకి ముప్పు ఎక్కువ. పొడి ఊళ్ళో పెట్టెకు చిక్కు, తీరం ఊళ్ళో టీకి చిక్కు.

విశాఖలో చేయించి అమెరికా తీసుకెళ్ళిన పెట్టెలు మొదటి చలికాలంలోనే టప్పుమని పగలడానికి కారణమూ ఇదే. బయటి చల్లటి గాలిలో నీటి ఆవిరి చాలా తక్కువ. దాన్నే ఇంట్లోకి తెచ్చి హీటరుతో వేడి చేస్తే తేమ 20, 30 శాతానికి దిగిపోతుంది. చెక్క తనలోని నీళ్ళలో సగానికి పైగా వదిలేసి ముడుచుకుంటుంది. పలకను ఎక్కడైనా మేకులతోనో జిగురుతోనో కదలకుండా బంధించి ఉంటే ముడుచుకునే దారి లేక చీలుతుంది.

ఏ కలప?

టేకు అనగానే అందరూ తలాడిస్తారు. తలుపులకూ కిటికీలకూ దాన్ని మించింది లేదు, తక్కువ కదులుతుంది, చెదలు ముట్టవు. కానీ చెదలను తరిమేది దానిలోని నూనెలూ, వాసనగల పదార్థాలే. తోలును గుర్తుచేసే ఆ వాసన బయట ఉంటే గొప్పగా ఉంటుంది, మూసిన పెట్టెలో టీ పక్కన ఉంటే కాదు. మంచిగంధం, కర్పూరం చెట్టు, దేవదారు సంగతి చెప్పనక్కర్లేదు. వేపకు దాని చేదు వాసన ఉంది. ఎర్రచందనానికి గంధం వాసన ఉండదు, ఆ మాటకొస్తే టీకి అనువైన కలపే. అయితే శేషాచలం కొండల ఆ చెట్టు జోలికి వెళ్ళేముందు అటవీ శాఖ గుర్తుకు రావడం ఆరోగ్యకరం.

నా ఓటు రబ్బరు చెక్కకు. పాలు ఆగిపోయిన రబ్బరు తోటల నుంచి వస్తుంది కాబట్టి ధర అందుబాటులో ఉంటుంది, వాసన తక్కువ, వంటింటి పలకలకు ఎప్పటినుంచో వాడుతున్నారు. పురుగు పట్టే గుణం ఉంది కనుక మందు పట్టించి ఎండబెట్టిన పలకలే కొనాలి. బాగా ఎండిన మామిడి కూడా ఫర్వాలేదు.

ఏటికొప్పాక కళాకారులు వాడే అంకుడు కర్ర తెల్లగా, నునుపుగా, చక్కగా తరణి పట్టడానికి అనువుగా ఉంటుంది. దానితో గుండ్రటి భరిణెలు చేస్తారు. టీకి అలాంటి భరిణె చేయించుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. వలయాల వెంబడి ఒకలా, అడ్డంగా ఒకలా ముడుచుకుంటుందని చెప్పుకున్నాం కదా, పచ్చి కర్రతో గుండ్రంగా తిప్పిన భరిణె ఎండాక కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. మూత ఒక దిక్కున బిగుస్తుంది, ఇంకో దిక్కున వదులవుతుంది. కర్ర బాగా ఆరాకే తిప్పాలి.

కోత, కూర్పు

పెట్టె చేయడంలో రహస్యమంతా ఒకటే: చెక్కను కదలనివ్వాలి.

ముందు కొలత. కవరుతో ఉన్న టీ బ్యాగులు ఇంచుమించు 7 సెంటీమీటర్లుంటాయి గానీ కంపెనీని బట్టి మారతాయి. మీ ఇంట్లో ఉన్నవాటిలో పెద్దదాన్ని కొలిచి, అన్ని వైపులా మూణ్ణాలుగు మిల్లీమీటర్లు వదలండి. వేలు దూరాలి, కవరు నలగకూడదు.

నాలుగు గోడలనూ పీచు అడ్డంగా, అంటే పెట్టె చుట్టూ పట్టీలా పోయేలా పెట్టాలి. అప్పుడు తేమ ఎక్కినప్పుడు నాలుగూ కలిసికట్టుగా ఎత్తులో పెరుగుతాయి, ఒకదాన్నొకటి లాగవు. మూలల దగ్గర చిక్కుంది. పలక కొసన గొట్టాల నోళ్ళు తెరుచుకుని ఉంటాయి, జిగురు రాస్తే లోపలికి తాగేస్తాయి, అతుకు నిలవదు. అందుకే కొసకు కొస అంటించి ఊరుకోకుండా, రెండు పలకల అంచులనూ పళ్ళు పళ్ళుగా కోసి ఒకదానిలో ఒకటి దూర్చాలి. డవ్‌టెయిల్ అయితే అందం కూడా. ఉలి మీద చేయి కుదరనివాళ్ళు 45 డిగ్రీల్లో కోసి అంటించి, ఆరాక మూలలో రంపంతో అడ్డగాట్లు పెట్టి పలుచటి చెక్క ముక్కలు దూర్చినా గట్టిగానే ఉంటుంది. టేకే వాడాలనుకుంటే జిగురు రాసేముందు అతుకును స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే దాని నూనె జిగురును పట్టనివ్వదు.

అడుగుకు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మేలు. పలుచటి పొరలను ఒకదాని పీచు నిలువుగా, దాని మీదిది అడ్డంగా పేర్చి అతికించడం వల్ల ఏ పొర పెరగాలన్నా పక్క పొర దాన్ని పట్టి ఆపుతుంది. అందుకే ప్లైవుడ్ దాదాపు కదలదు. నీటికి తట్టుకునే బీడబ్ల్యూపీ రకం తీసుకోండి, అందులోని జిగురు ఫార్మాల్డిహైడ్ వాయువును చాలా తక్కువగా వదులుతుంది. చవకగా వస్తుందని ఎండీఎఫ్ వాడొద్దు. మామూలు ఎండీఎఫ్ జిగురు నుంచి ఆ వాయువు నెలల తరబడి వస్తూనే ఉంటుంది, మూసిన పెట్టెలో అది పోగవుతుంది. లోపలి అరల అడ్డుపలకలకు సగం సగం గాట్లు పెట్టి ఒకదానిలో ఒకటి గుచ్చితే చాలు, జిగురు అక్కర్లేదు, కడగాలన్నా తీయొచ్చు.

అసలు తెలివంతా మూతలో చూపించాలి. వెడల్పాటి పలకను మూతగా పెట్టి, వంగకుండా కింద అడ్డపట్టీలు స్క్రూలతో బిగిస్తారు చాలామంది. పట్టీ పొడవు మారదు, పలక వెడల్పు మారుతుంది. ఈ రెండింటి పోరులో ఎప్పుడో ఒకప్పుడు పలక చీలుతుంది. మన పాత ఇళ్ళ తలుపులు చూడండి. చుట్టూ చట్రం, ఆ చట్రం లోపలి గాడిలో పలక. పలకకు జిగురు పెట్టరు, గాడిలో కాస్త ఖాళీ వదులుతారు. వానాకాలం పలక ఆ ఖాళీలోకి పెరుగుతుంది, ఎండాకాలం వెనక్కి జరుగుతుంది, చట్రం కొలత మాత్రం మారదు. మూతను కూడా అలాగే చేయాలి. 20 సెంటీమీటర్ల పెట్టెకు గాడిలో ఒక్కో వైపు ఒకటిన్నర మిల్లీమీటరు వదిలితే సరిపోతుంది. ఎండాకాలంలో చేస్తుంటే కాస్త ఎక్కువ వదలండి, వానల్లో చేస్తుంటే తక్కువ.

పూత

లోపలా బయటా ఒకే పూత వేయాలి. ఒక వైపే వేస్తే వేయని వైపు తేమను త్వరగా తాగి, పలక వంగుతుంది.

కొబ్బరినూనె, ఆవనూనె పూస్తే ఆరవు, కొన్నాళ్ళకు మక్కు వాసన పడతాయి. అవిసెనూనె ఆరుతుంది గానీ, అది గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని గట్టిపడే క్రమంలో వారాల తరబడి వాసన వదులుతుంది. షాపుల్లో మెరుపు కోసం కొట్టే మెలమైన్ పాలిష్ చూడ్డానికి బాగుంటుంది, వాసన మాత్రం ఘాటు. ఎగ్జిబిషన్ పెట్టెల్లో టీకి పట్టే వాసన చాలావరకు ఇదే.

టీ పెట్టెకు లక్క తగినది. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద బతికే పురుగు ఇచ్చే ఈ పదార్థాన్ని మాత్రలకూ, మిఠాయిలకూ మెరుపు పూతగా కూడా వాడతారు. లక్క రేకులు స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పలుచగా రాస్తే స్పిరిట్ ఆవిరైపోతుంది, వెనక వాసన లేని పొర మిగులుతుంది. నీటి ఆవిరిని అడ్డుకోవడంలో నూనె పూతల కన్నా ఇది చాలా నయం. అయితే అడ్డుకోవడమంటే ఆపేయడం కాదు, నెమ్మదింపజేయడమే. వేడి గిన్నె పెడితే తెల్లమచ్చ పడుతుందని మరవద్దు. ఏటికొప్పాకలో స్పిరిట్ కూడా ఉండదు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది.

పూత ఏదైనా, వేశాక మూత తెరిచి రెండు వారాలు వదిలేయండి. తర్వాత ఖాళీ పెట్టెను ఒక రాత్రి మూసి ఉంచి, పొద్దున తెరుస్తూనే ముక్కు పెట్టి చూడండి. మీ ముక్కుకు తెలిసిందంటే టీకి అంతకన్నా బాగా తెలుస్తుంది.

—————
ఒక జాగ్రత్త

అవిసెనూనె అద్దిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేక గుడ్డలు వాటంతటవే అంటుకున్న సందర్భాలున్నాయి. విప్పి, ఆరుబయట పరిచి ఆరబెట్టాలి.
—————

లోపల ఏం పెట్టాలి?

ఇన్ని జాగ్రత్తలతో చేసినా చెక్క పెట్టె చెక్క పెట్టే. టీని నిజంగా కాపాడేది ఒక్కో బ్యాగును చుట్టిన కవరు. ఒక కవరు చించి లోపలి వైపు చూడండి. వెండిలా మెరిస్తే అందులో లోహపు పొర ఉన్నట్టు. పాత సీసపు రేకు చేసిన పని ఇప్పుడది చేస్తోంది, అలాంటి బ్యాగులు ఏ పెట్టెలో ఉన్నా ఢోకా లేదు. ఉత్త కాగితపు కవరైతే వాసనను కాసేపు ఆపుతుందేమో, తేమను కాదు. కవరే లేని బ్యాగులను, అందులోనూ గ్రీన్ టీని, చెక్క పెట్టెలో నేరుగా పెట్టకండి. పెట్టె కొలతకు సరిపోయే మూతగల స్టీలు డబ్బాలు లోపల అమర్చుకోవచ్చు, లేదా వారానికి సరిపడా బ్యాగులు మాత్రమే పెట్టెలోకి తీసి మిగతావి గాలి చొరని డబ్బాలో ఉంచుకోవచ్చు. పెట్టెను పొయ్యి పక్కన, మసాలా డబ్బాల అరలో, అగరువత్తులు వెలిగించే చోట మాత్రం పెట్టొద్దు.